బానెట్ కింద ఊదుబత్తి పొగ

ఆ రోజు సాయంత్రం నాలుగూ నలభైకి నేను టీ తాగడానికి ఆసుపత్రి మెట్లు దిగాను. టీ అంగడి రోడ్డుకి అవతలే ఉంది. తాగి మళ్ళీ మూడో అంతస్తు ఎక్కేసరికి నాలుగూ యాభై ఎనిమిది. ఆ మధ్యలో అక్క పోయింది.

సమయాలు ఇంత కచ్చితంగా గుర్తుండటానికి కారణం ఉంది. ఆ మధ్యాహ్నమంతా నేను చేతి గడియారం చూస్తూనే ఉన్నాను. అక్క ఒక ఊపిరి తీసుకున్నాక మళ్ళీ ఊపిరి తీసుకోవడానికి ఎన్ని సెకండ్లు పడుతోందో లెక్కపెట్టి, జేబులో ఉండే చిన్న నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. ఎవరూ రాయమనలేదు. చేతులకి వేరే పని లేదు. పది. పదకొండు. పదకొండు. తొమ్మిది. అంతవరకు రాసి, నోట్‌బుక్ జేబులో పెట్టుకుని టీకి పోయాను.

దయ్యాల సంగతి మొదటే చెప్పేస్తాను. నేను తిరుపతిలో ఒక డిగ్రీ కాలేజీ లైబ్రరీలో ఇరవై ఎనిమిదేళ్ళుగా పనిచేస్తున్నాను. ఆత్మలు, పూర్వజన్మలు, చనిపోయినవాళ్ళతో మాట్లాడటం లాంటి పుస్తకాలకి మా దగ్గర ఒక అర ఉంది. వాటికి నంబర్లు వేసింది నేనే, చెదలు పట్టకుండా మందు కొట్టింది నేనే. ఒక్క పుస్తకమూ ఇంటికి తీసుకెళ్ళి చదవాలనిపించలేదు. ఇప్పుడు కూడా ఆ అర వైపు పోవడం లేదు. నా అభిప్రాయం మారిందని చెప్పడానికి ఇది రాయడం లేదు. జరిగింది జరిగినట్టు ఒకచోట ఉంటే మంచిదని రాస్తున్నాను.

అక్క నాకన్నా పదేళ్ళు పెద్ద. నాకు ఆరేళ్ళప్పుడు అమ్మ పోతే నన్ను పెంచింది తనే. చిత్తూరు దగ్గర ఐరాల చుట్టుపక్కల ఊళ్ళలో టీచరుగా చేసి, ఐరాలలోనే ఇల్లు కట్టుకుంది. బావ చాలా ఏళ్ళ క్రితమే పోయాడు. ఒక్కతే కూతురు, రేవతి. నేను పెళ్ళి చేసుకోలేదు. శనివారం సాయంత్రం తిరుపతి నుంచి ఐరాల పోవడం, సోమవారం పొద్దున తిరిగి రావడం, ఇదే నా సంసారం.

యాభై రెండో ఏట అక్క డ్రైవింగ్ నేర్చుకుంది. నగరిలో మరమగ్గాలు నడిపే ఒకాయన దగ్గర పాత పెట్రోలు కారు కొన్నది. బూడిద రంగు, చిన్న బండి. అద్దాలు తుడుచుకోమని వాళ్ళు ఒక గళ్ళ లుంగీ ముక్క కూడా ఇచ్చారు. అది ఇప్పటికీ సీటు కిందే ఉంది. ఆ కారుని అక్క ఎనిమిదేళ్ళు నడిపింది. తర్వాత ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు వచ్చింది. మొదట మెట్లు ఎక్కడం మానేసింది, తర్వాత కారు మానేసింది, చివరికి ముక్కుకి ఆక్సిజన్ గొట్టంతో మంచం మీద ఉండిపోయింది.

రేవతికి మూడో నెల అని తెలిసిన రోజు అక్క ఆ గొట్టంతోనే లేచి కూర్చుంది. "నీ కాన్పుకి తిరపతికి నేనే తోలుకోని పోతా. నా కారు ఉండాది. యా డ్రైవరూ వద్దు," అంది. నేనూ రేవతీ తలూపాము. ముగ్గురికీ తెలుసు అది జరగదని.

అక్క ఫిబ్రవరిలో పోయింది. పదహారో రోజు కర్మాంతరం ఏటి ఒడ్డున చేశాము. సామాను తీసుకెళ్ళింది అక్క కారులోనే, నడిపింది నేను. అంతా అయ్యాక ఊదుబత్తుల పొట్లం ఒకటి సగానికి పైగా మిగిలింది. దాన్ని చేతిలోకి తీసుకుంటుంటే చిన్నమ్మ చూసింది. మా అమ్మ చెల్లెలు, ఎనభై దాటిన మనిషి.

"నాయనా, అవి ఈడనే వదిలేసి రావాల. ఇంటికి తేకూడదు, ఇంకొక పనికి వాడకూడదు," అంది.

నేను సరేనన్నాను. అన్నానే గానీ, మంచి ఊదుబత్తులు ఏటి ఇసకలో పారేయడం నాకు అర్థం లేని పనిగా అనిపించింది. ఎవరూ చూడకుండా కారు డాష్‌బోర్డు అరలో పెట్టేశాను. ఇంటికి తీసుకుపోలేదు కాబట్టి చిన్నమ్మ మాట కూడా దాటలేదని సర్దిచెప్పుకున్నాను. ఆ సాయంత్రం కారుని ఇంటి పక్క రేకుల షెడ్డులో పెట్టి తాళం వేశాను. తర్వాత మూడు నెలలు దాన్ని ఎవరూ తీయలేదు.

మే నెలలో రేవతికి తొమ్మిదో నెల వచ్చింది. బీపీ ఎక్కువగా ఉందని, నొప్పులు వచ్చేవరకు ఆగకుండా శుక్రవారం పొద్దున్నే తిరుపతి వచ్చి ఆసుపత్రిలో చేరమని డాక్టరమ్మ చెప్పింది. రేవతి భర్త చెన్నై దగ్గర ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. అతను శుక్రవారం రాత్రికి గానీ రాలేడు. నేను కాలేజీకి వారం సెలవు పెట్టి ఐరాల వచ్చాను. బాడుగ కారు మాట్లాడతానన్నాను.

"వద్దు మామా. అమ్మ కార్లోనే పోతా," అంది రేవతి.

"మూడు నెలలుగా నిలబడిపోయిన బండి అది."

"నాలుగు రోజులుండాది గదా. బాగుచేయించు."

నేను వాదించలేదు.

మంగళవారం కారు తీశాను. బ్యాటరీకి చార్జింగ్ పెట్టించాక స్టార్ట్ అయింది. కానీ నిలబడి ఉన్నప్పుడు ఇంజను ఒక తీరుగా లేదు. చప్పుడు మెల్లగా పెరుగుతుంది, మెల్లగా తగ్గుతుంది, ఆగిపోతుందేమో అన్నంత తగ్గి మళ్ళీ పెరుగుతుంది. రెండుసార్లు నిజంగానే ఆగిపోయింది. డాష్‌బోర్డు మీద పసుపుపచ్చ ఇంజను గుర్తు వెలిగింది. బ్రేకు కూడా కొంచెం గట్టిగా ఉన్నట్టు తోచింది. చాలాకాలం వాడలేదు కదా అనుకుని దాని సంగతి ఎవరికీ చెప్పలేదు. అది నా తప్పు.

ఐరాల నుంచి కాణిపాకం పోయే దారిలో దేవసహాయం అని ఒక మెకానిక్ ఉన్నాడు. నలభై దాటినవాడు, ఒంటరిగానే పనిచేసుకుంటాడు. అక్క కారు మొదటినుంచీ చూసింది అతనే. బుధవారం పొద్దున అతని షెడ్డుకి తీసుకెళ్ళాను. చిన్న యంత్రం ఒకటి తగిలించి చూసి చెప్పాడు.

"గాలి దొంగతనంగా పోతా ఉండాది సార్."

అతను వివరించింది నాకు అర్థమైనంతలో ఇది. ఇంజను గాలిని లోపలికి పీలుస్తుంది. ఎంత గాలి పోతోందో ముందువైపు ఒక పరికరం కొలుస్తుంది, దానికి తగ్గట్టు పెట్రోలు పడుతుంది. వెనక ఎక్కడో ఒక గొట్టం చిట్లితే ఆ చిట్లులోంచి కొలతకి రాని గాలి లోపలికి పోతుంది. అప్పుడు లెక్క తప్పి ఇంజను తడబడుతుంది. ఆ చిట్లు ఎక్కడుందో కనిపెట్టడమే కష్టం, బిగించడం తేలిక.

మూరెడు రబ్బరు గొట్టం తీసుకుని ఒక కొస చెవికి పెట్టుకున్నాడు. రెండో కొసని ఇంజను మీద అంగుళం అంగుళం జరుపుతూ పోయాడు. ఒకచోట ఆగి నన్ను పిలిచి గొట్టం నా చెవికి ఇచ్చాడు. సన్నగా బుస వినిపించింది. ఆ చోట నీళ్ళు చిలకరిస్తే ఇంజను చప్పుడు మారింది. ఎలుకలు కొరికిన గొట్టం అది. మార్చేశాడు. ఇంజను చాలావరకు కుదురుకుంది.

కానీ సాయంత్రానికి ఆ పసుపు గుర్తు మళ్ళీ వెలిగింది. దేవసహాయం తల గోక్కున్నాడు. "ఇంకొక చోట కూడా ఉండాది సార్. బండి ఈడ పెట్టేసి పోండి. బ్యాటరీ వైరు పీకి పెడతా, రేపటికి దాని కంప్యూటరు బుర్ర కడిగినట్టయితాది. పొద్దున సూద్దాం," అన్నాడు. నా ముందే బ్యాటరీ వైరు విప్పాడు. తాళం చెవి నేను తెచ్చుకున్నాను.

గురువారం పది గంటలకి షెడ్డుకి పోయాను. బానెట్ తెరిచే ఉంది, బ్యాటరీ వైరు విప్పే ఉంది. దేవసహాయం షట్టరు కిందికి దించాడు. పైన రేకుల మధ్య తెల్ల ప్లాస్టిక్ పలకలోంచి మంచి వెలుతురు పడుతోంది. గాలి లేకుండా చూసుకున్నాడు.

"పొగ పెట్టి సూస్తాం సార్. పొగ యాడ లోపలికి పోతే ఆడ లీకు. ముందయితే బీడీ ముట్టించి ఊదేవాణ్ణి. బాప్తిస్మం అయినాక మానేసినా. ఇప్పుడు మా ఆడమనిషి దినామూ నోరు వాసన సూసి గానీ అన్నం పెట్టదు."

"ఊదుబత్తి పెట్టొచ్చు కదా."

"మా అంగట్లో ఊదుబత్తి యాడుంటాది సార్? మేము ముట్టించం గదా. పక్క టైర్ల అంగడి ఆయప్ప దగ్గర తెచ్చుకుంటా, ఆయన ఈ రోజు రాలేదు."

నేను డాష్‌బోర్డు అర తెరిచి ఆ పొట్లం ఇచ్చాను. ఎక్కడిదో చెప్పలేదు. చెప్పవలసిన విషయంగా నాకు తోచలేదు.

ఒకటి ముట్టించి, మంట ఊది, ఇంజను మీద పట్టుకున్నాడు. షెడ్డులో గాలి ఆడుతోందేమో ముందు చూసుకోవాలని, తర్వాత బ్యాటరీ తగిలిస్తానని అన్నాడు. నేను డ్రైవరు తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. పొగ నిటారుగా లేచింది. అతను చేతిని నెమ్మదిగా వెనక్కి, అద్దం వైపుకి జరిపాడు.

"అప్పుడే బండి స్టార్ట్ చేసినారా సార్?" అన్నాడు.

లేదన్నాను. బ్యాటరీ వైరు ఇంకా విప్పే ఉంది, తాళం చెవి నా చొక్కా జేబులో ఉంది. తీసి చూపించాను.

అతను మళ్ళీ పొగ వైపు తిరిగాడు. నేను పోయి అతని పక్కన నిలబడ్డాను.

ఇంజను వెనక నుంచి డ్రైవరు ముందుండే ఇనప గోడకి పోయే లావు నల్ల గొట్టం ఒకటి ఉంది. ఊదుబత్తి దానికి జానెడు పైన ఉంది. పొగ నిటారుగా లేస్తూ ఉన్నట్టుండి వంగింది. దారంలా సన్నబడి కిందికి వచ్చి ఆ గొట్టం అడుగు వైపుకి పోయింది. రెండు సెకండ్లు అలా పోయి ఆగింది. మళ్ళీ నిటారుగా లేచింది. కొంతసేపటికి మళ్ళీ వంగింది.

దేవసహాయం ఆ చేయి కదపలేదు. రెండో చేతిని పొగ చుట్టూ అడ్డం పెట్టి చూశాడు. ఊపిరి బిగబట్టి చూశాడు. నన్ను దూరంగా జరగమని చెప్పి చూశాడు. మార్పు లేదు.

"ఒగ్గో సారి ఇంజను ఆపినాక కూడా దీంట్లో పీలుపు మిగిలుంటాది సార్. ఇది బ్రేకు పైపు," అన్నాడు. "లోపల కూర్చోని బ్రేకు తొక్కండి. మిగిలుంటే మెత్తగా దిగతాది."

తొక్కాను. మొదటిసారే కాలికి రాయిలా తగిలింది. నాలుగుసార్లు తొక్కాను, నాలుగుసార్లూ అంతే. అంటే అందులో ఏమీ మిగిలి లేదు. మిగలడానికి కూడా వీల్లేదు. ఇంజను ఆపి అప్పటికి పదిహేను గంటలు దాటింది.

మళ్ళీ వచ్చి చూస్తే పొగ వంగుతూనే ఉంది.

అతను ఊదుబత్తి నా చేతికిచ్చి, గొట్టాన్ని వేలితో వంచి కిందివైపు చూశాడు. నన్నూ చూడమన్నాడు. పైనుంచి చూస్తే కొత్తదానిలా ఉంది. అడుగున బొటనవేలంత పొడవు చీలిక.

"బ్రేకు తొక్కేటప్పుడు మన కాలికి బలమిచ్చేది ఈ పీలుపే సార్. గట్టిగా తొక్కితే ఇది పూరా చీలుతాది. అప్పుడు ఎంత తొక్కినా బండి నిలబడదు. రేపు రేవతి పాపని ఎక్కించుకోని పోతా..." అని ఆపేశాడు.

ఫోను చేశాడు. గొట్టం చిత్తూరులో దొరికింది, బస్సులో వేస్తామన్నారు.

"ఐరాలకి పోయి బస్సు కాడ తీసుకోవాల. రాండి సార్, టీ తాగి పైపు తెచ్చుకుందాం. దీని ముందర ఒంటిగా ఎందుకు?" అన్నాడు.

నేను రానన్నాను.

అతను నా మొహం వంక కొంచెంసేపు చూసి, షట్టరు సగం ఎత్తి వంగి బయటికి పోయి, మళ్ళీ కిందికి దించాడు. బైకు చప్పుడు దూరమైంది. అప్పుడు సమయం పదీ ముప్పై ఐదు.

తర్వాత గంటసేపు నేను చేసింది చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. స్టూలు తెచ్చుకుని బానెట్ ముందు కూర్చున్నాను. ఊదుబత్తిని ఒక బోల్టు సందులో గుచ్చాను, నా చేతి కదలిక కూడా లేకుండా. జేబులోంచి నోట్‌బుక్ తీశాను. ఫిబ్రవరి తర్వాత దాన్ని తెరవలేదు. ఆసుపత్రి అంకెలున్న పేజీకి ఎదురు పేజీ ఖాళీగా ఉంది. గడియారం చూస్తూ, పొగ ఒకసారి వంగాక మళ్ళీ వంగడానికి ఎన్ని సెకండ్లు పడుతోందో రాయడం మొదలుపెట్టాను.

పది. పదకొండు. తొమ్మిది. పదకొండు. పది.

భయం వేసిందా అని తర్వాత నన్ను నేను అడిగాను. వేళ్ళు చల్లబడ్డాయి, రేకుల కింద మే నెల వేడిలో. అది భయమే అయ్యుండాలి. కానీ లేచి పోవాలని అనిపించలేదు. చూపు పక్కకి తిప్పాలని కూడా అనిపించలేదు.

ఒక ఊదుబత్తి అయిపోతుంటే దాని నిప్పుతోనే ఇంకొకటి ముట్టించాను. రెండోది సగమయ్యేసరికి అంకెలు మారాయి. పధ్నాలుగు. పధ్నాలుగు. పందొమ్మిది. పొగ వంగడం కూడా తగ్గింది. గొట్టం దాకా రాకుండా మధ్యలోనే చెదిరిపోతోంది. ఇరవై ఆరు. ముప్పై ఒకటి. మళ్ళీ పన్నెండు. తర్వాత నలభై.

పదకొండూ నలభై ఒకటికి పొగ కొంచెం పక్కకి వాలి, నిటారయింది. నేను లెక్కపెడుతూ ఉన్నాను. అరవై. తొంభై. రెండు నిమిషాలు. ఐదు నిమిషాలు. మూడో ఊదుబత్తి ముట్టించాను. పొగ రేకుల దాకా తిన్నగా పోయింది. ఒక్కసారి కూడా వంగలేదు.

నోట్‌బుక్‌లో నలభై తర్వాత ఏమీ రాయలేదు. సమయం మాత్రం వేశాను.

పన్నెండూ ఐదుకి దేవసహాయం వచ్చాడు. ఒక చేతిలో గొట్టం, ఇంకో చేతిలో ప్లాస్టిక్ కవరులో టీ.

"ఇంకా పీలుస్తా ఉండాదా సార్?"

"లేదు. ఆగిపోయింది."

వచ్చి చూశాడు. పొగ తిన్నగా ఉంది. అతను బ్యాటరీ తగిలించి నన్ను స్టార్ట్ చేయమన్నాడు. ఇంజను తిరగగానే పొగ మొత్తం వంగి ఆ చీలికలోకి పోయింది, ఆగకుండా, ఏ లీకయినా పీల్చేటట్టు. ఇంజను ఆపితే పొగ మళ్ళీ పైకి లేచింది. నేను చెప్పదలచుకున్నది ఇదే. చీలిక నిజం. ఇంజను నడుస్తున్నప్పుడు అది పీల్చడం నిజం. ఆపితే పీల్చకపోవడం కూడా, ఇద్దరం చూస్తుండగా, నిజం. ముందు గంట మాత్రమే ఇందులో ఇమడదు.

గొట్టం మార్చడానికి పావుగంట పట్టింది. ఇంజను ఒకే తీరుగా నడిచింది. పసుపు గుర్తు మళ్ళీ వెలగలేదు. బ్రేకు కాలి కింద మెత్తగా దిగింది.

టీ చల్లారిపోయింది. అయినా తాగాను. తాగుతూ ఆ ఊదుబత్తులు ఎక్కడివో అతనికి చెప్పాను. ఆ సాయంత్రం ఆసుపత్రి మెట్లు దిగిన సంగతి కూడా చెప్పాను. ఎవరికీ చెప్పలేదు అంతకు ముందు.

దేవసహాయం లేచి పోయి సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చాడు.

"మాకు ఆ పట్టింపు లేకపోయినా, మీకుండాదని మాకూ తెలుసు గదా సార్. ముందే చెప్పుండాల," అన్నాడు. కోపంగా కాదు. తర్వాత బండి వైపు చూసి, "టీచరమ్మ బండి నా దగ్గరికొస్తే పక్కనే నిలబడేది. పని అయ్యేదాకా యాడికీ పోయేది కాదు. కూర్చోమ్మా అంటే కూడా కూర్చోదు," అన్నాడు.

శుక్రవారం ఆరున్నరకి బయల్దేరాము. రేవతి వెనక సీటులో దిండు పెట్టుకుని పడుకున్నట్టు కూర్చుంది. జరిగింది తనకి చెప్పలేదు. పూతలపట్టు, పాకాల దాటాము. చంద్రగిరి రాకముందు పక్కదారిలోంచి గడ్డి వేసుకున్న ట్రాక్టరు ఒకటి చూడకుండా రోడ్డెక్కింది. నా వెనక లారీ ఉంది. పక్కకి తిప్పడానికి వ్యవధి లేదు. ఉన్న బలమంతా పెట్టి బ్రేకు తొక్కాను. ట్రాక్టరుకి మూరెడు దూరంలో బండి నిలబడింది. లారీ మమ్మల్ని రాసుకున్నట్టు పక్కనుంచి పోయింది.

నా కాలు బ్రేకు మీదనుంచి చాలాసేపు రాలేదు.

వెనకనుంచి రేవతి, "ఏమి మామా, ఇట్ల కుదుపుతా ఉండావు? అమ్మ తోలితే మంచినీళ్ళ గ్లాసు పట్టుకోని కూర్చోవచ్చు," అంది. ఆసుపత్రి గేటు దగ్గర దిగేటప్పుడు కారు తలుపు మీద ఒకసారి చేయి వేసింది. శనివారం పొద్దున ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ బాగున్నారు.

ఆ తర్వాత కారణాల కోసం వెతికాను. బండ్ల పుస్తకాలు తెప్పించుకుని చదివాను. ఆ గొట్టం కలిసే బ్రేకు డబ్బాలో పీలుపు కొంతకాలం నిలబడుతుందని ఉంది, కానీ గొట్టం చీలి ఉంటే నిలబడదని కూడా ఉంది. ఎండ పెరిగి లోపలి గాలి కదిలిందా అని ఆలోచించాను. ఎండ పెరిగేటప్పుడు లోపలి గాలి వేడెక్కి బయటికి రావాలి, లోపలికి పోకూడదు. రేకుల వేడికి షెడ్డులో గాలి సుడి తిరిగిందనుకుందామంటే ఆ చోటు తప్ప ఇంకెక్కడా పొగ వంగలేదు. దుఃఖంలో ఉన్నవాడి కంటిని నమ్మలేమని నేనే ఒప్పుకుంటాను. కానీ మొదట చూసింది నేను కాదు.

అంకెల విషయంలో పట్టుబట్టను. పది, పదకొండు లాంటివి ఎక్కడయినా రావచ్చు. అయితే ఆ నోట్‌బుక్ తెరిచి రెండు పేజీలూ పక్కపక్కన చూస్తే ఒకే మనిషి ఊపిరిని ఒకే పూట రాసినట్టు ఉంటాయి. మొదటి పేజీ ఎక్కడ ఆగిందో రెండోది అక్కడినుంచి మొదలై చివరిదాకా పోయింది. మధ్యలో మూడు నెలలున్నాయని చెబితే తప్ప తెలియదు.

మిగిలిన ఊదుబత్తులు ఏటి ఒడ్డుకి తీసుకెళ్ళి, చిన్నమ్మ చెప్పిన చోటే ఇసకలో వదిలేసి వచ్చాను. నమ్మి కాదు. అవి అక్కడివి కాబట్టి. దేవసహాయం ఇప్పుడు లీకు వెతకడానికి సబ్బు నీళ్ళు, చెవికి పెట్టుకునే గొట్టం మాత్రమే వాడతాడు. ఎవరయినా పొగ పెట్టి చూడమంటే, ఫ్యాను గాలికి పొగ చెదిరిపోతుంది, పనికిరాదు అంటాడు.

రేవతి బిడ్డతో ఐరాల వచ్చాక నేను శనివారాలు పోతూనే ఉన్నాను. మొదటి వారాల్లో ఉయ్యాల పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాణ్ణి. ఒక మధ్యాహ్నం రేవతి వంటింట్లోంచి వచ్చి నన్ను చూసి నిలబడింది.

"ఏమి మామా, పెదాలు ఆడిస్తా ఉండావు? నువ్వు కూడా జపం మొదలుపెట్టినావా?" అని నవ్వింది.

ఏదో జవాబు చెప్పాను. నా ఎడమ చేయి ముందుకి చాచి ఉంది, గడియారం కనబడేటట్టు. బిడ్డ నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతోంది. చేయి కిందికి దించేశాను.

చాలా వెతికినా నాకు కారణం దొరకలేదు. ఇకముందు దొరుకుతుందని కూడా అనుకోను. నోట్‌బుక్ లైబ్రరీలో నా బల్ల అరలో ఉంది. గడియారం తీసి దాని పక్కనే పెట్టాను. ఇప్పుడు నేను ఎవరి ఊపిరీ లెక్కపెట్టడం లేదు.